నిద్ర చేయని చేప డబ్బు

అది 2022. కరోనా భయం తగ్గి పలాస జీడి ఫ్యాక్టరీలు మళ్ళీ నిండుగా నడుస్తున్నాయి. వజ్రపుకొత్తూరు వైపు మా ఊళ్ళో నేను పొదుపు సంఘానికి లీడర్‌ని. రోజూ ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసే కూలి, ఆదివారం సంఘం పని. చదివింది నాలుగో తరగతే గాని, పది మందీ ఎంతెంత కట్టారో పుస్తకం తెరవకుండా చెప్తాను. నెలనెలా తప్పక కట్టే పొదుపును మాలో థ్రిఫ్ట్ అంటారు. కట్టనివాళ్ళ గుమ్మం తొక్కి అడగడం నా వంతు.

అలా నేను ఎక్కువసార్లు తొక్కింది ఎర్రమ్మ గుమ్మం. తను రేవులో చేపలు కొని, గంపతో తిరిగి అమ్మేది. భర్త కామయ్యకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్, అంటే మిషను మీద రక్తం కడగడం. అది ఉచితమే, ఆటో కిరాయి మాత్రం చేతి డబ్బు. ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వస్తే రెండు నెలలు పడవలు కదలవు, ఆమె గంప నిండదు. అంతకుముందే కిరాయి దాచకపోతే కామయ్య మిషనుకు వెళ్ళలేడు. వెళ్ళకపోతే ఏమవుతుందో, ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో చిన్నపిల్లలకూ తెలుసు.

అయినా పొద్దుగుంకేసరికి ఆమె రూపాయి మిగల్చదు. బియ్యం, మందులు పోగా మిగిలితే గాజులు, జిలేబీ, ఎవరి పిల్లలకో బిస్కెట్లు. ఫిబ్రవరిలో కూర్చోబెట్టి అడిగాను.

"ఏటే, మొగుడి కన్నా గాజులెక్కువా?"

"సముద్రం డబ్బు ఇంట్లో నిద్ర సెయ్యకూడదప్పా. మా అత్త పడవ కొందామని సట్టిలో దాసింది. మూడోనాడు సట్టి నిండా తడి ఇసక. ఆనాడే మావ వేటకెల్లి మరి రానేదు."

"అయితే బేంకులో ఎయ్యి."

"బేంకు మాత్రం ఇల్లు కాదేటి?" అని నవ్వింది. కళ్ళు నవ్వలేదు.

వారమంతా ఆలోచించి ఒక దారి చెప్పాను. రోజూ నీ చేప డబ్బులో వంద నాకియ్యి, నా జీడి కూలిలో వంద నీకిస్తాను. నాది నేల డబ్బు, దాచుకో.

ఎర్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సరే గాని, ఆ వంద నువ్వు పొద్దుగుంకకముందే కర్సుపెట్టాల. ఒట్టెయ్యి."

వేశాను. నెల తిరిగేసరికి ఆమె పెట్టెలో రెండు వేలు దాటింది. సంఘంలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ గర్వంతోనే కాబోలు, ఒకరోజు ఆమె ఇచ్చిన వంద బిస్కెట్ డబ్బాలో పడేసి మర్చిపోయాను.

మర్నాడు ఆదివారం. మిట్టమధ్యాహ్నం డబ్బా తీస్తే నోటు మెత్తగా తడిసి ఉంది. అడుగున వేలెడు మందాన ఇసుక, దాని మీద నీళ్ళు. మా ఇల్లు సముద్రానికి రెండు మైళ్ళు. వాన పడి నెలయింది. మూత బిగించే ఉంది.

మా ఇంట్లో ఎవరూ వేటకు పోరు. ఎవరి మీదికొస్తుందో అనుకునేలోపే గుర్తొచ్చింది, ఆ రోజు కామయ్య మిషనుకు వెళ్ళాడు. నోటు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను. మూడింటికి రావలసిన ఆటో ఐదు దాటాక వచ్చింది.

కామయ్య దిగాడు. మోకాళ్ళ దాకా పంచె తడిసి ఉంది.

"ఏటి కామయ్యా, తడిసావేటి?"

"తెల్దొదినా. ఆటోలో కునుకట్టింది. ఎవులో పిలిత్తంటే నీటిలోకి నడిసినట్టు కలొచ్చినాది." పంచె చూసుకుని, "ఏటిది?" అన్నాడు మెల్లగా.

ఆటో అబ్బాయి సీటు తడిమి చూశాడు. నేను పక్క కొట్టుకి పోయి ఆ తడి నోటుతో అరటిపళ్ళు, బన్నులు కొని అక్కడున్నవాళ్ళందరికీ పంచేశాను. అప్పటికి ఎండ కొబ్బరిచెట్ల తలల మీద మాత్రమే ఉంది.

ఎర్రమ్మకు ఈ మాట చెప్పలేదు. నిషేధం రెండు నెలలూ కామయ్య ఒక్క వంతు తప్పకుండా మిషనుకు వెళ్ళాడు. ఇప్పటికీ వెళ్తున్నాడు.

డబ్బు దాచనివాళ్ళని నేనిప్పుడు దుబారా మనుషులని తిట్టను. ఏ డబ్బంటే నీకు భయం, ఏ డబ్బంటే భయం లేదు అని అడుగుతాను. భయం లేని డబ్బు ప్రతివాళ్ళకీ కొంచెమైనా ఉంటుంది, పొదుపు అక్కడ మొదలుపెట్టిస్తాను. ఎర్రమ్మతో ఆ మార్పిడి ఇంకా నడుస్తోంది. ఆమె వంద చేతిలో పడగానే నేను ముందు చూసేది పొద్దు ఎంతుందో.