సంతరోజు మా దుకాణానికి వచ్చే అవ్వ

"అవ్వ పోయిందన్నా. పొద్దుగాల చాయ తాగి పండుకున్నది, మళ్ల లేవలే" అని ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను ఖమ్మంలో, ఇప్పుడు పనిచేస్తున్న పెద్ద బట్టల షాపులో, చీరలు మడతపెడుతున్నాను. ఆమె నాకు చుట్టం కాదు. ఏన్కూరు మెయిన్ రోడ్డు మీద మా నాన్న పెట్టిన బట్టల దుకాణానికి సంతరోజు వచ్చిన మనిషి. అయినా సెలవు అడిగి బయల్దేరాను.

అడవి అంచు పల్లె నుంచి బస్సులో వచ్చేది. ముందు చెప్పుల దుకాణం, తర్వాత గిన్నెల దుకాణం, చివరికి మాది. ఇంట్లోవాళ్ల బాగోగులన్నీ అడిగాకే చీర అడిగేది. అంచు వేళ్ల మధ్య నలిపి, చీరను గుమ్మం బయటికి పట్టుకుపోయేది.

"నీ లైట్ల కింద అన్నీ మంచిగనే కనబడ్తయ్ కొడుకా. ఎండల చూడాలె."

అన్నీ తీయించి, చాలాసార్లు ఒక జాకెట్ ముక్క తీసుకుని వెళ్లేది. నాకు విసుగొచ్చేది. ఆమె రాని సంతరోజు మాత్రం ఏమీ తోచేది కాదు.

మా నాన్న పోయినప్పుడు, సంత లేకపోయినా బస్సెక్కి వచ్చింది. "దుకాణం తెరువు కొడుకా. మూసి కూసుంటే మనసు ఇంకింత చెడ్తది" అంది. షట్టర్ ఎత్తించి, సాయంత్రం దాకా నాతోనే ఉంది.

తర్వాత చెప్పుల దుకాణం మూతపడింది. గిన్నెల దుకాణం ఉన్నచోట ఫోన్లో కొన్నవాళ్ల పార్సిళ్లు దించుతున్నారు. ఒకసారి ఆమె కట్టుకొచ్చిన చీర చూసి, ఎక్కడిదని అడిగాను. కోడలు ఫోన్లో తెప్పించిందట. నూలు అని చెప్పి పాలిస్టర్ పంపారు. మెడ మీద చెమటకాయలు.

"ప్రేమతోని తెప్పించింది. బాగలేదని ఎట్లంట? మంచిగుందనే చెప్పిన" అంది.

మా దుకాణానికీ గిరాకీ పోయింది. ఉగాది తర్వాత బంద్ చేస్తున్నానని చెప్పినప్పుడు ఆమె చేతిలోని చీర మడిచి నా ముందు పెట్టింది.

"గట్లనా. మరి నేను సంతకు ఎందుకు రావాలె?"

నిజమే. కూరగాయలు ఆటోలో ఆమె వాకిట్లోకే వస్తున్నాయి.

ఎండాకాలంలో ఒకసారి ఆమె ఊరి మీదుగా పోతూ వాళ్లింటి దగ్గర ఆగాను. మంచం మీద పడుకుని ఉంది. కాళ్లు నొస్తున్నయా అని అడిగాను.

"కాళ్లు మంచిగనే ఉన్నయ్ కొడుకా. పోయేటందుకే చోటు లేదు. కోడలు మంచిదే. ఎండలెందుకత్తా, ఏం కావాల్నో చెప్పు, తెప్పిస్త అంటది. ఏం కావాల్నో దుకాణంకు పోతే గద తెలిసేది."

ఆమె మాట వినడం అదే ఆఖరు.

అంత్యక్రియలయ్యాక, ఆమెతో కలిసి సంతకు వచ్చే ముసలామె నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా నడిచింది.

"ఖమ్మంల మీ షాపుల మెట్లెక్కాలెనా?"

"మెట్లే పైకి తీస్కపోతయవ్వా. ఊరికె నిలబడ్తె చాలు."

"గవి చూస్తెనే భయమైతది."

"నువ్వొస్తే నేను చెయ్యి పట్టుకుంట."

"అవ్" అంది. వస్తానని కాదు, నా మాట కాదనలేక.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూశాను. ఎర్రటి దుమ్ములో, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆమె రోడ్డంచున అలాగే నిలబడి ఉంది.