నాలుగు బుర్రల బోర్డు

పలాసలో ఢిల్లీబాబు చెయ్యి పడితే చచ్చిన టీవీ అయినా లేచి కూర్చుంటుందని పేరు. ముప్పై ఏళ్లుగా ఆ పేరు మీదే అతని రిపేరు షాపు నడుస్తోంది. పేరంటే తేరగా వస్తుందా మరి! దాన్ని కాపాడుకోవాలి. కాపాడుకోవడానికి ఢిల్లీబాబు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నోరు మూసుకున్నాడు. ఆ ఒక్కసారికే ఏడేళ్లుగా లోపల కుళ్లిపోతున్నాడు.

టెక్కలి కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన నారాయణరావు మాష్టారిది బారువ దగ్గర ఊరు. ఆయన దగ్గర టీవీకి తగిలించుకుని వాడే పాతకాలం హోమ్ కంప్యూటర్ ఒకటుంది. ఓడలో ఇంజనీరుగా తిరిగిన స్నేహితుడు లండన్‌లో కొని తెచ్చి ఇచ్చాడు. దాంతోపాటే ఇంకో బోర్డు కూడా తెచ్చాడు. కంప్యూటర్ వెనక గుచ్చాలి. దాని మీద నాలుగు ప్రాసెసర్లు, ఒకే పనిని నాలుగూ పంచుకుని ఒకేసారి చేస్తాయి. "ఒక్క మనిషి ముందర జీడిపిక్కల రాశి పోస్తే పొద్దు గుంకుతుంది. నలుగురు చుట్టూ కూర్చుంటే మధ్యాహ్నానికే అయిపోతుంది కదా? ఇదీ అంతే" అని మాష్టారు పిల్లలకు చెప్పేవారు. ఆకులోంచి ఆకు, ఆ ఆకులోంచి ఇంకో ఆకు మొలుస్తూ పోయే చిత్రం ఒకటి గీయించేవారు. ఉత్త కంప్యూటర్‌కి పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా పట్టే బొమ్మని ఆ బోర్డు టీ చల్లారేలోపు గీసి పారేసేది. పిల్లలు దానికి నాలుగు బుర్రల బోర్డు అని పేరు పెట్టారు. అలాంటివి ప్రపంచంలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయట.

తిత్లీ తుపాను వచ్చిన రోజు మాష్టారు ఇంట్లో లేరు. పెంకులు ఎగిరిపోతుంటే ఆయన భార్య సుభద్రమ్మ ఒక్కతీ ఏం చెయ్యగలదు! పెంకు పడి పగులుతుందేమోనని బోర్డున్న రేకు డబ్బాను మంచం కిందకి తోసింది. ఆ మంచం కిందకే సముద్రపు నీళ్లు వచ్చాయి.

మర్నాడే మాష్టారు ఆ డబ్బాతోపాటు తడవని కంప్యూటర్‌నీ ఢిల్లీబాబు షాపులో ఇచ్చి వెళ్లారు. అప్పటికే షాపు నిండా తడిసిన ఫోన్లు, టీవీలు. కరెంటు లేదు, ఎండ లేదు. పలాసవాడి బుర్ర పలాస దారిలోనే కదా పోతుంది! జీడిపప్పు ఆరబెట్టే బోర్మాలో పెడితే సరిపోతుందనుకున్నాడు. బావమరిది పనిచేసే జీడి ఫ్యాక్టరీలో బోర్మాకి జీడి తొక్కలతో మంట వేయించి, అన్నింటితోపాటు ఆ బోర్డునీ ట్రేలో పెట్టి లోపలికి నెట్టాడు. కింద పొగగొట్టం పగిలిందన్న సంగతి చూసుకోలేదు. జీడి తొక్క పొగంటే మాటలా? నూనె పొగ అది. వేళ్లకంటితేనే నెలరోజులు వదలదు. సాయంత్రం తీసి చూస్తే బోర్డు అంచునున్న బంగారు రంగు పళ్లన్నీ వార్నిష్ పూసినట్టు గోధుమరంగుకి తిరిగాయి. పక్క షాపు జనరేటరు నుంచి వైరు లాగి కంప్యూటర్‌కి గుచ్చితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

గొట్టం చూడకుండా పెట్టాను మాష్టారూ, తప్పు నాదే. మాష్టారు భార్యతో వచ్చి అడిగినప్పుడు ఇంతే అనాల్సింది. నోటి దాకా వచ్చింది కూడా. కౌంటరు ముందు పది మంది తమ ఫోన్ల కోసం నిలబడి ఉన్నారు.

"ఉప్పునీరు తినేసింది మాష్టారూ. ఇంకిది లెగదు" అన్నాడు.

మాష్టారు పక్కనే ఉన్న భార్య వైపు తిరిగారు. జన్మలో గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి. "ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఇంకెప్పుడూ నా వస్తువుల మీద చెయ్యి వెయ్యకు" అన్నారు, ఆ పది మంది ముందే. సుభద్రమ్మ తల వంచుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు ఢిల్లీబాబు స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఏడేళ్లు గడిచాయి. ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే మాష్టారికీ కిడ్నీల జబ్బు వచ్చింది. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. ఆ దంపతులు షాపు ముందు నుంచి నడిచి వెళ్తుంటే ఢిల్లీబాబు వంగి, కింద పడని స్క్రూల కోసం వెతుక్కునేవాడు.

మొన్న సోమవారం మాష్టారిని డయాలసిస్ మంచం ఎక్కించి సుభద్రమ్మ ఒక్కతే షాపు మెట్లెక్కింది. వెనకాలే ఆటో అతను కంప్యూటరూ, రేకు డబ్బా మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఓపాలి సూడు బాబూ. బెంగుళూరులో పాత కంప్యూటర్లు దాసే ఆయనెవరో ఇది పని సేత్తందా అని రాసినాడంట. సచ్చిపోనాదని మీ మాష్టారు బదులు రాసి, రెండు రోజులు అన్నం ముట్టలేదు."

"డబ్బా ఇలగియ్యండమ్మా."

"నాను ముట్టుకోను. నువ్వే తియ్యి."

ఢిల్లీబాబుకి తల కొట్టేసినట్టయింది. ఏడేళ్లుగా ఈవిడ ఇంట్లో ఆయన పుస్తకం సర్దలేదు, కళ్లద్దాలు తుడవలేదు కాబోలు. ఎవరి పాపం ఎవరు మోస్తున్నారు!

బోర్డు తీశాడు. ఆ గోధుమరంగు పూత అలాగే ఉంది. దూదికి థిన్నర్ అద్ది రుద్దాడు, పెన్సిల్ చెరిపే రబ్బరుతో అరగదీశాడు. పళ్లు మళ్లీ మెరిశాయి. పట్టిందల్లా పది నిమిషాలు. గుచ్చి స్విచ్ వేస్తే బోర్డు మీద నాలుగు దీపాలూ వెలిగాయి. టీవీ తెర మీద ఆకులోంచి ఆకు మొలిచింది. ఛీ, పది నిమిషాల పనా ఇది! ఆ రోజు పొగ పట్టిందని ఒప్పుకుని ఉంటే తుడిచి చూసేవాడు, ఆ రోజే అయిపోయేది.

"దేవుడివయ్యా!" సుభద్రమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఢిల్లీబాబు వద్దనలేదు. సిగ్గులేని పెదవులు నవ్వాయి కూడా.

డబ్బా తను పట్టుకుని ఆమె వెంట ఆసుపత్రికి నడిచాడు. మాష్టారు మంచం మీద ఉన్నారు, ఎడమ చేతికి సూదులు. ఫోన్లో తీసిన వీడియో చూపిస్తే ఆ ముసలి కళ్లు తళతళలాడాయి.

"అబ్బ! నీ చేతిలో ఏదో ఉందయ్యా ఢిల్లీబాబూ" అన్నారు. తర్వాత భార్య వైపు చూసి నవ్వుతూ, "చూశావా? నువ్వు చంపేశావు, ఈయన బతికించాడు" అన్నారు.

వేళాకోళానికే అన్నారాయన. సుభద్రమ్మ కూడా నవ్వబోయింది, కుదరలేదు. తల వంచుకుంది. ఆ రోజు కౌంటరు ముందు వంచినట్టే.

ఇక ఢిల్లీబాబు వల్ల కాలేదు. "కాదు మాష్టారూ! అమ్మ సంపనేదు. నానే" అనేశాడు. బోర్మా, తొక్కల పొగ, పగిలిన గొట్టం, కౌంటరు ముందు పది మంది... అంతా చెప్పేశాడు. "నా పేరు పోద్దని భయపడిపోనాను. ఆ రోజు మీరు అమ్మని తిడతంటే ఇంటూ నిలబడ్డాను." పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. ఈసారి కూడా సరిగ్గా పది మందే ఉన్నారు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎక్కడికీ పోలేదు.

మాష్టారు సూదుల్లేని చేతిని మెల్లిగా భార్య వైపు చాపారు. "సుభద్రా..." అన్నారు. ఆమె ఆ చేతిని దుప్పటి మీద సరిగ్గా పెట్టి, చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది. ఆయన కళ్లద్దాలు దిండు పక్క నుంచి తీసి కొంగుతో తుడిచింది. ఢిల్లీబాబుని తిట్టినా బాగుండును!

డయాలసిస్ నాలుగు గంటలూ అయ్యాక మాష్టారిని లేపి బయలుదేరారు. డబ్బా మంచం పక్క బల్ల మీద ఉంది.

"బరువుగా ఉంటాది, నాను అట్టుకొత్తానమ్మా" అని ఢిల్లీబాబు చెయ్యి చాపాడు.

సుభద్రమ్మ అతని కంటే ముందే డబ్బా అందుకుని గుండెలకి హత్తుకుంది.

"వద్దు బాబూ. నువ్వు ముట్టుకోకు" అంది.