వేలూరు లాడ్జిలో ఒక అవసరం

వేలూరులో ఆసుపత్రి వీధిలోని ఆ లాడ్జి యజమాని నా ముఖం చూడగానే తెలుగులో పలకరించాడు. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం వచ్చింది. పరాయి ఊళ్లో మన భాష మాట్లాడి దగ్గరయ్యేవాణ్ణి అసలు నమ్మకూడదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. ఆ అమ్మనే పొట్టలో గడ్డ తీయించడానికి కడప నుంచి తీసుకొచ్చి, వార్డులో చేర్చి, నాకోసం గది వెతుక్కుంటున్నాను.

"మాది గుడియాత్తమమ్మా. బజార్లో మావోళ్ళకి లుంగీల అంగడి ఉండాది. తెలుగోళ్ళమే," అన్నాడాయన. తీరా నేను తెలుగులో పేరు, ఊరు రాసిస్తే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాట్లాడను వస్తాది, చదవను రాదు." తెలుగు చదవడం రాని తెలుగువాడు! నా అనుమానం రెండింతలైంది.

మేడమీద గాలి వచ్చే గది అడిగితే, కింద కౌంటరుకు ఎదురుగా ఉన్న గది ఇచ్చాడు. నా రాకపోకలు కనిపెట్టడానికే అనుకున్నాను. లాడ్జి నియమాలన్నీ గోడమీద తమిళంలో ఉన్నాయి. వాటిలో ఏం మెలిక ఉందో ఎవరికి తెలుసు? మంచం మీది దుప్పటి మార్చమంటే, "మారుస్తామమ్మా, ఏం అవసరం?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఉతికిన దుప్పటి అడగడానికి కూడా కారణం చెప్పుకోవాలా? కాసేపటికి దుప్పటి వచ్చింది. తెల్లగానే ఉంది. అయినా వాసన చూశాను.

ఆ వారంలోనే ఊళ్లో ఏదో పార్టీ మానాడు. పెద్ద సభను అక్కడ అలా అంటారు. వీధి వీధికీ జెండాలు, మైకులు. ఆలంగాయం నుంచీ లత్తేరి నుంచీ పార్టీ రంగు అంచుపంచెలవాళ్ళు దిగుతున్నారు. ఎక్కడా గది దొరక్క మా లాడ్జి వరండాలో కూడా చాపలు పరిచారు. ఒంటరి ఆడదాని గదిమీద వాళ్ల కన్ను పడకుండా ఉంటుందా? వాళ్లలో ఒకతను యజమానితో గుసగుసలాడడం, ఇద్దరూ నా తలుపు వైపు చూడడం కళ్లారా చూశాను.

ఆపరేషను మర్నాడని డాక్టరు చెప్పడంతో, మధ్యాహ్నం స్నానం చేసి పోదామని గదికి వచ్చాను. జడ వేసుకుంటుండగా ఎవరో తలుపు దబదబా బాదారు. బయట ఊరేగింపు మైకుల హోరు. ఆ హోరులో యజమాని గొంతు ముక్కలుగా వినబడింది.

"అమ్మా... అవసరం! బయలుదేరండి! అవసరం!"

కిటికీ సందులోంచి చూస్తే ఆయన వెనకాల ఆ గుసగుసల మనిషి. అనుకున్నంతా అయింది! గది వాళ్లకు అవసరమట, నేను పోవాలట.

"ఎవరికి అవసరమైతే నాకేంది? అడ్వాన్సు కట్టినాను. గది ఖాళీ చేయను!" అని అరిచాను.

"అయ్యో, అవసరమమ్మా!"

నేను మంచాన్ని తలుపుకు అడ్డంగా లాగడం మొదలుపెట్టాను. అంతలో మైకు ఆగింది.

"ఆస్పత్రి నించి ఫోనమ్మా! మీ అమ్మకి రేపు కాదంట, ఇప్పుడే ఆపరేషనంట!"

మంచం పక్కకు తోసి తలుపు తీశాను. వీధి నిండా జనం. ఆటో కదిలే దారి లేదు. ఆ అంచుపంచె మనిషే జెండా కట్టిన తన జీపులో మమ్మల్ని ఎక్కించుకుని, ఊరేగింపువాళ్లను కేకలేసి జరుపుతూ తీసుకుపోయాడు. పక్కన కూర్చున్న యజమానికి ఇంకా అయోమయం తీరలేదు. "అవసరమంటే తలుపేసుకుంటారేమమ్మా?" అన్నాడు. తమిళంలో అవసరం అంటే తొందర అనీ, వీళ్ల తెలుగులోకి కూడా అదే వచ్చి చేరిందనీ నాకు అప్పుడు తెలిసింది. "ఆస్పత్రికి వచ్చినోళ్ళకి ఎప్పుడూ ఆ గదే ఇస్తాము. ఫోను ఎదురుగానే ఉండాది కదా," అన్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గు కంటే భయం ఎక్కువగా ఉంది. అమ్మను చూడకముందే లోపలికి తీసుకుపోతారేమోనని ఏడుపొచ్చింది.

థియేటరు ముందు ట్రాలీ మీద అమ్మ పిడికిలి బిగించుకుని పడుకుని ఉంది. పిడికిట్లో ముక్కుపుడక. నర్సులను నమ్మక, నా చేతికి తప్ప ఇవ్వనని మొండికేసిందట. అందుకే ఆ ఫోను.

"యాడికి పోయినావే?" అంటూ పుడక నా అరచేతిలో పెట్టింది. "ఎవురికీ ఇయ్యొద్దు." ఆ చేతిని కాసేపు పట్టుకోనిచ్చింది.

ఆపరేషను బాగా జరిగిందన్నారు. అమ్మ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా గోడ వైపు తిరిగి పడుకునేది. ఏది పెడితే అది తినేది, ఏ మాత్ర ఇస్తే అది మింగేది. కోలుకుంటోందని డాక్టర్లు ఎంత చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు.

ఇంటికి పంపించిన రోజు అమ్మను లాడ్జి బల్లమీద కూర్చోబెట్టి, సంచీ తెచ్చుకుని, తాళం కౌంటరు మీద పెట్టాను.

"ఏం అవసరమమ్మా? కాఫీ తాగి పోండి," అన్నాడు యజమాని.

"అవసరం లేదు," అని కూర్చున్నాను. ఆయన నవ్వి కాఫీ తెప్పించాడు.

అమ్మ నా కొంగు పట్టుకుని గట్టిగా లాగింది. చెవి దగ్గరికి వంగి, "తాగొద్దే. బిల్లులో కలుపుతాడు," అంది.

కాఫీ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అమ్మ నాకు దక్కిందని అప్పుడు నమ్మాను.