మూడంగుళాల మడమలు

కొత్త ఆఫీసుల్లో పేపర్‌వెయిట్‌కు గౌరవం లేదు. ఇరవై రెండేళ్లు ఒక ప్రభుత్వ రంగ సంస్థలో పనిచేసి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నప్పుడు నాతోపాటు ఒక గాజు పేపర్‌వెయిట్ తెచ్చుకున్నాను. లోపల నీలం పువ్వు ఉంటుంది. మాదాపూర్‌లో అద్దాల భవనంలో ఉద్యోగంలో చేరిన రోజున దాన్ని బల్లమీద పెట్టాను. అక్కడ ఫ్యాన్లు లేవు. కిటికీలు తెరుచుకోవు. కాగితం పెట్టినచోట పెట్టినట్టే ఉంటుంది. పక్క సీటు కుర్రాడు "ఇది దేనికి మేడమ్?" అన్నాడు. కాగితాలు ఎగిరిపోకుండా, అన్నాను. అతను పైకప్పు కేసి, కిటికీ కేసి చూసి, మర్యాదగా తల ఊపాడు. దీని గురించి నాకు ఇప్పటికీ కొంచెం అసంతృప్తి ఉంది.

పాత ఆఫీసు నుంచి నాతో వచ్చిన ఇంకో అలవాటు మూడంగుళాల మడమల చెప్పులు. నా అసలు ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. మొదటి జీతంతో సుల్తాన్ బజార్లో హై హీల్స్ కొన్నాక ఆఫీసువాళ్లెవరికీ ఆ అంకె తెలియాల్సిన అవసరం రాలేదు. చీరకట్టు కూడా దానికి తగ్గట్టే కుదిరింది. కుచ్చిళ్లు మూడంగుళాలు కిందికి దించి కట్టేదాన్ని. బయటికి చెప్పు కొస మాత్రం కనిపించేది. మిగతాది నాకూ చెప్పుకూ మధ్య విషయం.

కొత్త ఉద్యోగంలో నా పని ఇంగ్లీషు దిద్దడం. కుర్రవాళ్లు ప్రోగ్రాములు రాస్తారు. ఆ ప్రోగ్రామును ఎలా నడపాలో చెప్పే పుస్తకాలు మా విభాగం తయారు చేస్తుంది. నా కింద పదకొండు మంది ఉండేవాళ్లు, అందరిలోకీ పెద్దవాడికి ఇరవై ఆరు. నాకు నలభై ఆరు. ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. ఆ వయసులో ప్రొబేషన్ మీద ఉండటంలో ఒక యవ్వనం ఉంటుంది, అది నిద్ర పట్టనివ్వదు.

ఎదుటివాడి భుజానికి పైన ఉంటేనే మన మాటకు విలువ అని నాకో నమ్మకం. దానికి ఆధారం ఏమీ లేదు. ఇరవై రెండేళ్లుగా దాన్ని పరీక్షించే అవకాశం నేను ఎవరికీ ఇవ్వలేదు.

మూడో నెలలో పాదాలు మొరాయించాయి. నలభై దాటాక పాదాలకు కూడా సొంత అభిప్రాయాలు ఏర్పడతాయనుకుంటాను. ఆ భవనంలో నడవాలన్నీ నున్నటి రాయి, ఒక్కోటి రెండు బస్టాపుల మధ్య ఉన్నంత దూరం. సాయంత్రానికి వేళ్ల మొదట్లో గులకరాళ్లు పోసినట్టుండేది. కూకట్‌పల్లిలో ఎముకల డాక్టరు రెండు పాదాలూ నొక్కి చూసి, "ఆ చెప్పులు మానేయండి" అన్నాడు.

"ఇంకో మార్గం లేదాండీ?"

"ఉంది. నడవడం మానేయండి."

మా ఆయన సచివాలయంలో పనిచేసేవారు. ఏ విషయాన్నైనా ఇంటి అవసరాల వైపు నుంచి చూసే మనిషి. "మానేస్తే మానేశావు గానీ, వంటింట్లో వేసుకుంటే బాగుండునే. పై అరలో డబ్బా తియ్యమని నన్ను పిలిచే పని తప్పుతుంది" అన్నారు.

ఒక్కసారిగా మానేసే ఉద్దేశం నాకు లేదు. నొప్పి లేకుండా వేసుకోవడం ఎలాగన్నదే ప్రశ్న. ఇంటి నుంచి హవాయి చెప్పులతో బయలుదేరి, సిటీ బస్సు కొండాపూర్ దాటాక వెనక సీట్లో మార్చుకోవడం మొదలుపెట్టాను. దారి పొడవునా బండరాళ్లే కాబట్టి చూసేవాళ్లు తక్కువ. పాదాలు వాచి ఉండే సాయంత్రంపూట వెళ్లి, అర సైజు పెద్దవి, మడమ సన్నగా కాక చెక్కదిమ్మలా వెడల్పుగా ఉన్నవి కొన్నాను. చీలమండకు పట్టీ ఉన్నవే తీసుకున్నాను. నొప్పి సగమైంది. మిగతా సగానికి హౌసింగ్ బోర్డు బస్టాపు దగ్గర గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే మోచీ దగ్గరికి వెళ్లాను.

నా పథకం తెలివైనదే. పదిహేను రోజులకోసారి మడమ గోరంత కోసేయాలి. ఎవరికీ తెలియకుండా ఏడాదిలో నేలకు దిగుతాను. మోచీ విని, చెప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎనక కోస్తే ముందర ముక్కు లేస్తది మేడం, పడవ లెక్క. ఇగ నువ్వు ఆఫీసుకు నడిచిపోవు, తేలుకుంట పోతవ్."

"మరెలా?"

"ఎనక ముట్టకు. ముందల ఎత్తు పెంచుత. టైరు రబ్బరు ఏస్త. గప్పుడు కాలు సాపుగుంటది, ఎత్తుకు ఎత్తుంటది. జర బరువైతది, గంతే. ఫికర్ జెయ్యకు."

చెప్పులు సాయంత్రానికి తయారయ్యాయి. వేసుకుంటే కాలు నిజంగానే దాదాపు సమంగా ఆనింది. ఒక్కో చెప్పు పచ్చడి జాడీ అంత బరువు. నేను నడుస్తుంటే ముందే తెలిసిపోయేది, కబుర్లు చెప్పుకునే కుర్రవాళ్లు తెరలకేసి తిరిగేవాళ్లు. ఎత్తుతోపాటు చప్పుడు కూడా కలిసివచ్చింది. వయసొచ్చాక హై హీల్స్ సుఖంగా వేసుకునే రహస్యం దొరికిందని రెండు నెలలు నమ్మాను.

ఆరో నెలలో మా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. భీమవరం అబ్బాయి, ఇరవై తొమ్మిదేళ్లు, అందరినీ పేరు పెట్టి పిలవాలన్నది కంపెనీ పద్ధతి అయినా నన్ను మాత్రం పిలవలేకపోయేవాడు.

"మేడమ్, రేపు జర్మనీ నుంచి కస్టమర్లు ఇద్దరొస్తున్నారండీ. మీరు దిద్దిన పుస్తకం మీరు చదువుతుంటే, ఆపరేటరు మెషిన్ రూమ్‌లో అలాగే చేసి చూపించాలంటున్నారు. అది బాగా జరిగితే మీ కన్ఫర్మేషన్ సంగతి కూడా చూసేద్దామండీ."

"మెషిన్ రూమ్‌లోనా?"

"అవునండీ. ఇరవై నిమిషాలే."

మెషిన్ రూమ్‌లోకి చెప్పులతో వెళ్లకూడదు. దుమ్ము వెళ్తే కంప్యూటర్లు చెడిపోతాయని ఆ రోజుల్లో అంతటా ఉన్న నమ్మకమే. గుమ్మం పక్కన ఒక స్టాండు, ఒక స్టూలు ఉండేవి. ఆ గదిని చూసుకునే ఆపరేటరు, కరీంనగర్ కుర్రాడు, ఎవరినీ వదిలేవాడు కాదు. "పెద్ద సారైనా గంతే" అనేవాడు. అయిదు నెలలుగా నేను ఏదో ఒక పని చెప్పి ఆ గుమ్మం తప్పించుకుంటూ వచ్చాను. ఫోన్లో అడిగేదాన్ని, మనిషిని పంపేదాన్ని, ఒకసారి జలుబు కూడా చేయించుకున్నాను.

ఆ రాత్రి చీర గురించి ఆలోచించాను. ఎత్తి కడితే గది బయట టైరు రబ్బరు అంతా కనిపిస్తుంది. దించి కడితే లోపల కుచ్చిళ్లు కాళ్ల కింద పడతాయి. దించే కట్టాను.

కస్టమర్లిద్దరూ ఆరడుగుల పైనే. గుమ్మం దగ్గర వంగి బూట్లు విప్పారు. వాళ్ల తర్వాత మేనేజరు విప్పాడు. నేను అందరికన్నా చివర స్టూలు మీద కూర్చుని, పట్టీలు విప్పి లేచి నిలబడ్డాను. లోకం మూడంగుళాలు పైకి వెళ్లిపోయింది. అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ సమర్థించుకోలేను. ఎడమచేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, కుడిచేత్తో పుస్తకం పట్టుకుని, మునివేళ్ల మీద లేచాను. అలాగే లోపలికి నడిచాను.

నా ముందున్న పెద్ద కస్టమరు వెనక్కి తిరిగి నా పాదాలు చూశాడు. ఇది ఈ గది నియమం అనుకున్నాడు కాబోలు, మెల్లగా తానూ మునివేళ్ల మీద లేచాడు. రెండో అతను ఆయన్ని చూసి లేచాడు. కస్టమర్లు లేచాక మేనేజరు ఎలా ఆగుతాడు? నలుగురం ఒకరి వెనక ఒకరం, నిద్రపోతున్న పసిపిల్లను దాటుతున్నట్టు, కంప్యూటర్ల మధ్యనుంచి వెళ్లాం. కరీంనగర్ కుర్రాడు కుర్చీలోంచి లేచి నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమైంది మేడం? ఫ్లోర్ షాక్ కొడ్తుందా?"

"లేదు. నువ్వు కానీ."

నేను చదివాను, ఆపరేటరు చేశాడు. పుస్తకంలో మొత్తం ఇరవై ఒక్క అంచెలు. పదిహేడో అంచె దగ్గర నా పిక్కలు వణకడం మొదలుపెట్టాయి. గొంతు వణకలేదని తర్వాత మేనేజరు చెప్పాడు. అంతా పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. కస్టమర్లు బయటికి వచ్చి బూట్లు వేసుకుంటూ, ఇక్కడి క్రమశిక్షణ ఇంకెక్కడా చూడలేదన్నారు. మేనేజరు వాళ్లను భోజనానికి తీసుకెళ్తూ వెనక్కి తిరిగాడు.

"కాగితం సోమవారం ఇచ్చేస్తానండీ. ఇక మీరు పర్మనెంటే."

వాళ్లు మలుపు తిరిగేదాకా మునివేళ్ల మీదే నిలబడి, ఆ తర్వాత స్టూలు మీద కూలబడ్డాను. పిక్కలు రెండూ పట్టేశాయి. మేము చెప్పులు విప్పినప్పటి నుంచీ అక్కడ నేల ఊడుస్తున్న ఆయమ్మ ఉంది, మాదాపూర్ ఊరి మనిషి, ఇంచుమించు నా వయసే. చీపురు పక్కన పెట్టి, స్టాండు మీది నా చెప్పులు అందుకుంది.

"అమ్మో, గింత బరువా! ఏందమ్మా ఇవి, ఇటుకలా?"

"టైరు రబ్బరు."

"గవి తొడుక్కొని పొద్దుందాక తిరుగుతవా? కాళ్లు గుంజయా?"

"ఇప్పుడు గుంజడం లేదు. బాగు చేయించుకున్నాను."

ఆమె నా ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టీ పెట్టబోయింది. వద్దని నేనే ఒక పట్టీ పెట్టుకున్నాను. నడవాలో ఇంకెవరూ లేరు. గుమ్మం దగ్గర మా నలుగురినీ పక్కపక్కన చూసిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి అడిగాను.

"నిజం చెప్పు. చెప్పుల్లేకుండా నేను మరీ పొట్టిగా కనిపించానా?"

ఆయమ్మ రెండో చెప్పు చేతిలో పట్టుకుని, నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ఏసుకున్నా పొట్టిగనే కనబడ్తవ్ గదమ్మా."