మామయ్య సంచీ విప్పితే బేరం పోయినట్టే

మా మామయ్యకి ఎదుటివాళ్ల బండికి వాళ్ల ముందే వంక పెట్టడం చేతకాదు. ఇంకెవరికైనా అయితే ఇది మంచి గుణమే. కానీ మా మామయ్య పనే పాత బండ్లు చూసి వంకలు పెట్టడం.

బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడాయన. ఆ తర్వాత మా చుట్టాల్లో, మా వీధిలో, మా వీధివాళ్ల వియ్యంకుల వీధిలో ఎవరు పాత బండి కొనాలన్నా ముందు మామయ్య చూడాల్సిందే. చూడడమంటే అలా ఇలా కాదు. ముందు జ్వరం చూసినట్టు బానెట్ మీద చెయ్యి వేసేవాడు. వెచ్చగా ఉంటే, మేం వచ్చేలోపే అమ్మేవాళ్లు ఓసారి స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజనే నిజం చెబుతుందని మామయ్య నమ్మకం. అందుకని అది చల్లారేదాకా అక్కడే కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. వాళ్లు టీ ఇచ్చేవాళ్లు. కాసేపటికి మళ్లీ టీ ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత చెయ్యడానికేమీ లేక తమ ఇంటి గొడవలు చెప్పుకునేవాళ్లు. ఓ చోట ఇంజను చల్లారేలోపు మాటల్లేని అన్నదమ్ములిద్దరికీ మాటలు కలిపి వచ్చాడు. బండి మాత్రం మేం కొనలేదు.

ఇంజను చల్లారాక గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరేవాడు. బయట కాళ్లు మాత్రమే కనబడేవి. టార్చి పట్టుకునే ఉద్యోగం నాది కాబట్టి నేను ఆ కాళ్లతోనే మాట్లాడేవాణ్ణి.

"ఎలా ఉంది మామయ్యా?"

"ఉంది" అనేవి కాళ్లు.

ఎంత చెత్త బండికైనా అదే జవాబు. ఛాసిస్ తుప్పు పట్టి, వేలు పెడితే అవతలికి వచ్చేలా ఉన్నా 'ఉంది'. సైలెన్సరు వీధి వీధంతా దోమల మందు కొట్టినట్టు పొగ వదిలినా 'ఉంది'.

"బాగాలేదని చెప్పొచ్చుగా మామయ్యా" అని ఓసారి అడిగాను.

"ఎలా చెప్తాంరా? ఆయన పక్కనే నించున్నాడు. ఇన్నేళ్లు ఆయనకి అన్నం పెట్టిన బండి. ఆయన గుమ్మంలోనే నించుని దాన్ని తిడితే ఆయనకెలా ఉంటుంది?"

"మరి మనకెలా తెలుస్తుంది?"

"తెలుస్తుందిలే."

ఎలా తెలుస్తుందో కనిపెట్టింది మా అక్క. బండి బాగుంటే మామయ్య దాన్ని ముట్టుకోడు. బాగాలేకపోతే ఆయనకి మనసూరుకోదు. తన ఖాకీ సంచీ విప్పి ఏదో ఒకటి బాగుచేసి గానీ బయటపడడు. కొనేది ఎలాగూ లేదు, ఇంత టీ తాగినందుకైనా ఏదో ఒకటి చెయ్యాలి కదా అని ఆయన వాదన. వదులైన అద్దం బిగించేవాడు, పడని తలుపు పడేలా చేసేవాడు, మోగని హారను మోగించేవాడు. సంచీలోంచి పానా బయటికి రాగానే మేం చెప్పులు వేసుకునేవాళ్లం. మా ఊళ్లో మంచి హారన్లున్న చెడ్డ బండ్లన్నీ మామయ్య చూసినవే.

అక్క మొగుడికి, అంటే మా బావకి, ఈ పద్ధతి నచ్చేది కాదు. "ఆయన బండి చూడ్డానికొస్తున్నాడా, సేవ చెయ్యడానికొస్తున్నాడా?" అనేవాడు. ఓసారి మామయ్యకి చెప్పకుండా వెళ్లి ఓ పాత కారు కొన్నాడు. అది ఇంటిదాకా వచ్చింది. ఆ తర్వాత మళ్లీ ఎక్కడికీ రాలేదు. అప్పటినుంచి బావ కూడా మాతోపాటే బుద్ధిగా సంచీ వైపు చూడడం నేర్చుకున్నాడు.

ఇక్కడ అక్క సంగతి చెప్పాలి. అక్క పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసి కుడుతుంది. ఇంటి వెనక రేకుల షెడ్డు ఆమె కార్ఖానా. కుట్టుపనికి ఎవరూ పేరు పెట్టేవాళ్లు కాదు గానీ, అద్దె వ్యానువాళ్లు ఆమె కుట్టిన సోఫాని బస్తా విసిరినట్టు విసిరేవాళ్లు. ఇంతలో ఊళ్లో ఓ హోటలువాళ్లు తమ కుర్చీలూ సోఫాలూ అన్నిటికీ కొత్త గుడ్డ వేయించాలనుకుని అక్కని పిలిపించారు. మేనేజరు ఒకే మాటన్నాడు. "మీ పని నచ్చిందమ్మా. కానీ కొన్ని కొన్నిగా తీసుకెళ్లి, చెప్పిన వేళకి తెచ్చివ్వాలి. అద్దె బండ్లని నమ్ముకుంటే కుదరదు. సొంత బండి ఉంటే పని మీదే."

ఆ పని వస్తే అక్క బతుకే మారిపోతుంది. షెడ్డు పెంచుకోవచ్చు, ఇద్దరు మనుషుల్ని పెట్టుకోవచ్చు. కొత్త బండి కొనే స్తోమత లేదు కాబట్టి పాత పికప్ కోసం వేట మొదలైంది. ఆదివారం వచ్చిందంటే మామయ్యా, ఆయన సంచీ, అక్కా, బావా, నేనూ బయల్దేరడమే. ప్రతి చోటా కాళ్లు 'ఉంది' అనేవి, సంచీ విచ్చుకునేది, మేం చెప్పులు వేసుకునేవాళ్లం. హోటలు మేనేజరు ఫోన్లు ఎక్కువయ్యాయి. అక్కకి నిద్ర తక్కువైంది.

అలాంటప్పుడు దొరికింది పెయింటరు బండి.

ఇళ్లకి రంగులు వేసే పెద్దాయన. బండి చాలా పాతది, కానీ మేం వెళ్లేసరికి బానెట్ చల్లగా ఉంది. వెనక తొట్టి నిండా రంగు మరకలు. "ఈ ఆకుపచ్చ బడి గోడలదండీ" అని ఒక్కో మరకా చూపించాడు పెయింటరు. "ఈ గులాబీరంగు ఓ కొత్త జంటది. ముచ్చటపడి వేయించుకున్నారు. నెల తిరక్కుండా మళ్లీ పిలిచి, చూళ్లేకపోతున్నాం, తెల్లరంగు వేసెయ్యమన్నారు." బండి బయట మాత్రం ఎక్కడా కొత్త రంగు పడలేదు. తుప్పు కప్పిపుచ్చడానికి చేతిలో కావలసినంత రంగున్న మనిషి కప్పిపుచ్చలేదంటే, కప్పిపుచ్చాల్సిన తుప్పే లేదన్నమాట.

మామయ్య కిందికి దూరాడు. నేను టార్చి పట్టుకున్నాను.

"ఎలా ఉంది మామయ్యా?"

కాళ్లు పలకలేదు. చాలాసేపటికి ఆయన బయటికొచ్చి, స్టార్టు చేయించి, పొగ చూశాడు. అసలు పొగుంటే కదా. పక్కన కూర్చుని, బావ చేత వీధి చివరిదాకా నడిపించుకుని వచ్చాడు. దిగి చేతులు దులుపుకున్నాడు. సంచీ వైపు కన్నెత్తి చూడలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. బావ గొంతు సవరించుకుని బేరానికి సిద్ధమయ్యాడు.

అప్పుడు మామయ్య, ఊరికే ఉండలేక, ఓ ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న వెయ్యకుండా ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

"ఇంత బాగా చూసుకున్న బండిని ఎందుకమ్మేస్తున్నారండీ?"

"మోకాలండీ" అన్నాడు పెయింటరు. "ఈ క్లచ్ తొక్కలేకపోతున్నాను. సిగ్నలు దగ్గర ఆగిన ప్రతిసారీ ప్రాణం పోయొస్తోంది. డాక్టరేమో ఇంక నడపొద్దన్నాడు." ఈ మాటలు చెబుతున్నంతసేపూ బండి తాళాన్ని బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు.

మామయ్య మళ్లీ బండెక్కి ఈసారి తనే క్లచ్ నెమ్మదిగా తొక్కి చూశాడు. వదిలాడు. మళ్లీ తొక్కాడు. కిందికి దిగి నాతో, "ఆ సంచీ ఇలా అందుకోరా" అన్నాడు.

అక్క మొహం చూళ్లేకపోయాను. బావ అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు. "ఇంట్లో ఆలోచించుకుని చెప్తామండీ" అని మా అలవాటు మాట చెప్పేసి, మామయ్యని అక్కడే వదిలి మేం ముగ్గురం వీధి మలుపు దగ్గర నించున్నాం. అక్క చెట్టుకి ఆనుకుని, "ఇంత మంచి బండికి ఏం రోగమో" అని మాటిమాటికీ అంది. మామయ్య ఎంతకీ రాడు. చివరికి గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం దొరికింది మామయ్యా?"

"ఏం దొరకలేదే. ఇంత మంచి పాత బండిని నా సర్వీసులో చూళ్లేదు."

"మరి సంచీ ఎందుకు విప్పావు?"

"క్లచ్ కేబులు ఎండిపోయి బిగుసుకుపోయింది పాపం. నూనె పట్టించి, సరిచేసి పెట్టాను. ఇప్పుడు దూదిలా ఉంది."

బావకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అక్కకి పట్టలేదు. చెప్పు తెగేలా వెనక్కి పరుగెత్తింది. మేం వెళ్లేసరికి పెయింటరు భార్యని పక్కన కూర్చోబెట్టుకుని వీధిలో బండి అటూ ఇటూ తిప్పుతున్నాడు. పనేమీ లేదు, ఊరికే గేర్లు మారుస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆపాడు.

"క్షమించండమ్మా. ఇంక అమ్మను. క్లచ్ చెయ్యి పెట్టి నొక్కినా లోపలికి పోతోంది చూడండి. మీ మామయ్యగారు దేవుడు."

"అవునండీ" అంది అక్క. ఆ ఒక్క మాట ఎలా అనగలిగిందో నాకు తెలీదు.

మేనేజరు ఇచ్చిన గడువు ఆ వారమే, ఆలోపు మరో బండి దొరకలేదు. హోటలు పని వేరేవాళ్లకి వెళ్లిపోయింది. ఆ కుర్చీలకి వేసిన కుట్లు వంకర పోయాయని తర్వాత చూసి వచ్చింది అక్క. చూసొచ్చిన రోజున అన్నం తినలేదు. మిగతావన్నీ నవ్వుకుంటూ చెప్పగలను గానీ, ఆ హోటలు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ పని అక్కది కావాల్సింది. ఆమె అంత బాగా కుట్టేవాళ్లు మరెవరూ లేరు.

అక్క చాన్నాళ్లు మామయ్యతో మాట్లాడలేదు. ఆయన రోజూ వచ్చి షెడ్డు బయట కూర్చుని వెళ్లేవాడు. ఓ రోజు అక్కే అడిగింది.

"తెలిసే చేశావా మామయ్యా? బాగుచేస్తే ఆయన అమ్మడని?"

"తెలిసే చేశానే."

"నా పని పోతుందని తెలీదా?"

"అదీ తెలుసు. బండి కిందున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు." గోళ్ల సందుల్లో గ్రీజు గీక్కున్నాడు. "కానీ వంక కనబడ్డాక చెయ్యి ఊరుకోలేదమ్మా. నీకైతే ఇవాళ కాకపోతే రేపు మరో బండి దొరుకుతుంది. ఆ వయసులో ఆయనకి మరో మోకాలు దొరకదు."

"నాకు మరో హోటలు దొరుకుతుందా?"

మామయ్య తల దించుకుని కూర్చున్నాడు. అక్క కుట్టు మిషను ఆపి, లోపలికెళ్లి రెండు గ్లాసుల టీ తెచ్చింది. కోపం పోయి కాదు. అలా తల దించుకున్న మామయ్యని ఆమె ఎప్పుడూ చూళ్లేదు, అందుకు.

మర్నాడు ఎక్కువ ధర చెప్పయినా సరే ఆ బండి అడిగి తెస్తానని పెయింటరు ఇంటికి బయల్దేరింది అక్క. తోడు నేను. మమ్మల్ని చూడగానే ఆయన, "రండి రండి, ఓసారి తిప్పి చూపిస్తాను" అని ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. ఊరంతా తిప్పాడు. తను రంగేసిన ప్రతి ఇంటి దగ్గరా ఆపాడు. ఆ ఆగడం ఎందుకో మాకు తెలుస్తూనే ఉంది. ఆగితే మళ్లీ క్లచ్ తొక్కొచ్చు. అక్క నోరు తెరవడం, మూసుకోవడం, ఇదే వరస. అడగలేక అడగలేక తిరిగొచ్చి దిగుతుంటే ఆయనే అడిగాడు.

"ఇంతకీ మీకు బండి దేనికమ్మా?"

"సోఫాలు తీసుకెళ్లడానికండీ."

"దానికి బండెందుకు కొనడం? నేను లేనూ? గోడలకి రంగెయ్యడం ఎలాగూ మానేశాను. మీ మామయ్యగారి రుణం నాకు తీరేదెలాగ?"

అదుగో, అప్పటినుంచి అక్క సోఫాలు పెయింటరు బండిలోనే వెళుతున్నాయి. ఆయన పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు నడుపుతాడు. వెనక బండ్లవాళ్లు తిడతారు. ఒక్క సోఫాకీ ఒక్క గీత పడలేదు. పెద్ద పని మళ్లీ రాలేదు గానీ, చిన్న చిన్నవి చేతినిండా ఉన్నాయి. బండి వచ్చిన ప్రతిసారీ మామయ్య కూడా వచ్చి తొట్టి పక్కన తిరుగుతుంటాడు.

మొన్న అక్క ఓ పెద్ద సోఫాని తాళ్లతో కట్టి, తొట్టి మీద చెయ్యి వేసి నిట్టూర్చింది.

"ఈ బండి నాది కావాల్సిందండీ."

పెయింటరు చిన్నబుచ్చుకున్నాడు. "నాకు మళ్లీ మోకాలు నొప్పి రానివ్వండమ్మా. ఆ రోజే తాళం మీ చేతిలో పెడతాను."

బండి కింద నుంచి కాళ్లు అన్నాయి: "రాదులెండి. క్లచ్ ఇప్పుడే చూశాను."