కోర్టు మీద ఎండబోసిన కాఫీ

మా ఆశ్రమ పాఠశాల బాస్కెట్‌బాల్ కోర్టుకు రింగు ఒకటే. రెండోది ఒక తుఫానుకు స్తంభంతో సహా పడిపోయింది. కొత్తది పెట్టిస్తామని వచ్చిన ప్రతి అధికారీ అన్నాడు. పడిపోయిన ఇనుప గొట్టాన్ని మాత్రం మా వంటామె ఆ వారంలోనే పట్టుకుపోయి, వంటగది వెనక బట్టలు ఆరేసుకోవడానికి కట్టించుకుంది. ప్రభుత్వ బడుల్లో పనులు జరగవని ఎవరైనా అంటే అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక రింగుతోనైనా ఆడుకోవచ్చు. చిక్కంతా నేలతోనే. చుట్టుపక్కల ఊళ్లన్నింటిలో గట్టి సిమెంటు నేల మా కోర్టు ఒక్కటే. చలికాలం రాగానే ఊరివాళ్లు కాఫీ పళ్లు కోసి, తొక్క తీసి, కడిగిన గింజలు తెచ్చి దాని మీద ఎండబోస్తారు. వద్దనడం అక్కడ మర్యాద కాదు. కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టర్లు మొదటి చలికాలం గట్టిగా అభ్యంతరం చెప్పేవారు. రెండో చలికాలానికి ఎక్కడో ఒక సంచి కాఫీ సంపాదించి, ఒక మూల వాళ్లూ పోసుకునేవారు.

అందువల్ల మా ఆట వేరేగా తయారైంది. గింజల కుప్పల మధ్య నడవడానికి వదిలిన సన్నటి దారుల్లో నిలబడి బంతి ఒకరికొకరు విసురుకునేవాళ్లం. బంతిని నేలకేసి కొడుతూ పరుగెత్తడం అనే సంగతి మేం పుస్తకంలో బొమ్మగా చూశాం. బంతి పొరపాటున గింజల మీద పడితే ఒకటే కట్టుబాటు: అందరూ ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. జారవిడిచిన అమ్మాయి ఒక్కతే చెప్పులు విప్పి, మునివేళ్ల మీద వెళ్లి, బంతి తీసుకుని, చెదిరిన గింజలు చేత్తో సర్ది రావాలి. అంతవరకూ మిగతావాళ్లం ఫొటోకు నిలబడ్డట్టు నిలబడాలి.

ఈ కట్టుబాటును అమలు చేసేది ఒక అవ్వ. కోళ్లను తోలడానికి పొడవాటి కర్ర పట్టుకుని కోర్టు గట్టు మీద కూర్చునేది. కోళ్లకూ మాకూ కర్ర ఒకటే. మా జట్టులో అందరికంటే పొడుగమ్మాయి ఆమె మనవరాలు. తల్లీ తండ్రీ లేరు, ఆ ఇద్దరే. మనవరాలు బంతి వేస్తుందని రింగు కింద మాత్రం అవ్వ గింజలు పోసేది కాదు, ఎవరినీ పోయనిచ్చేదీ కాదు. మా బడికి క్రీడారంగంలో దొరికిన ప్రోత్సాహం అదే.

నేను జట్టులో ఎందుకున్నానంటే ఐదుగురు ఉండాలి గనక. ఆ సంగతి మా పీఈటీ సారు నాకు ఒకసారి ఓదార్పుగా చెప్పారు.

నేను తొమ్మిదిలో ఉండగా ఆ చలికాలం, కొండ కింద నుంచి ఒక ప్రైవేటు స్కూలు కోచ్ కారులో వచ్చాడు. మా పొడుగమ్మాయి రింగులో బంతి వేయడం గట్టు మీద నిలబడి చూశాడు. తర్వాత బిస్కెట్ల డబ్బా పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లాడు. ఫీజు లేకుండా సీటు, హాస్టలు, బూట్లు అన్నీ ఇస్తామన్నాడు. మర్నాడు అవ్వ గింజలు తిరగేస్తూ మాకు చెప్పింది.

"మీ గుంట ఎత్తు బంగారమమ్మా అన్నాడు. బంగారమైతే దానికో మంచం సేయించి ఇమ్మనండి. రాత్రంతా కాళ్లు బయటికే ఉంతన్నాయి."

"మరేటి సెప్పినావవ్వా?"

"ముందు కాఫీ పని అవనీ అన్నాను."

పొడుగమ్మాయికి వెళ్లాలని లేదు. అవ్వ ఒక్కతే అయిపోతుంది. కానీ జిల్లా జట్టులో ఆడాలని ఉంది. అక్కడికి పోతేనే సెలక్టర్లు చూస్తారని కోచ్ అన్నాడు. మా సారు దీనికి విరుగుడు చెప్పారు: "జోన్ మ్యాచ్ గెలిస్తే మన జట్టే జిల్లాకు వెళ్తుంది. మన డ్రెస్సులోనే నిన్ను చూస్తారు. నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు." ఆ జోన్ మ్యాచ్ ఎవరితో అంటే, బిస్కెట్ల డబ్బా స్కూలుతోనే.

ఇక సారుకు పూనకం వచ్చింది. రోజూ ప్రార్థన అయ్యాక మమ్మల్ని వరసగా నిలబెట్టి ప్రసంగాలు. పేదలూ పెద్దలూ, కొండా మైదానమూ, చరిత్ర అంతా వచ్చేది. బంతిలో గాలి నింపే పంపు మాత్రం రాలేదు.

"ఇది ఆట కాదమ్మా, యుద్ధం," అన్నారొక రోజు.

"యుద్ధమైతే బడికి సెలవిస్తారు సార్," అన్నాను. కోర్టు చుట్టూ పరుగెత్తించారు. చుట్టూ అంటే గట్టు మీదే, లోపల కాఫీ ఉంది.

మ్యాచ్ మా లోయలోనే, జూనియర్ కాలేజీ గ్రౌండులో పెట్టారు. ప్రైవేటు స్కూలు వాళ్లు ఏసీ బస్సులో ఘాట్ రోడ్డంతా వాంతులు చేసుకుంటూ వచ్చారు. దిగినవాళ్లు దిగినట్టు నిమ్మకాయలు వాసన చూస్తూ గట్టు మీద కూలబడ్డారు. తెల్లటి బూట్లు, పాలిపోయిన ముఖాలు. మా సారు అది చూసి, ప్రకృతి మన పక్షాన ఉందన్నారు. ప్రకృతి మా పక్షాన ఉండి ఉంటే పొగమంచులో మాకు పొట్టి చేతుల గౌన్ల మీద స్వెట్టర్లు కూడా ఇచ్చేది.

మొదటి సగం నిజంగానే మాది. వాళ్లు బంతిని నేలకేసి కొట్టుకుంటూ వచ్చేవారు. మేం ఎవరి చోటున వాళ్లం నిలబడి, బంతిని కింద పడనివ్వకుండా గాల్లోనే తిప్పి, పొడుగమ్మాయి చేతికిచ్చేవాళ్లం. ఆమె రింగులో వేసేది. వాళ్ల కోచ్ పక్కనున్న మేనేజరుతో, వీళ్లకు ఖాళీలు పట్టుకోవడం ఎవరో బాగా నేర్పారండీ అన్నాడట. నేర్పిన కోచ్ ఆ సమయంలో మా బడి కోర్టు గట్టు మీద కోళ్లు తోలుతోంది.

హాఫ్‌టైమ్ తర్వాత వాళ్లకు ఒంట్లో బాగుపడింది. ఒకమ్మాయి మా పాస్‌ను చేత్తో కొట్టింది. బంతి కింద పడి దొర్లింది.

మేం ఐదుగురం ఆగిపోయాం.

పైనుంచి చూసినవాళ్లు మాకు దెయ్యం పట్టిందనుకుని ఉంటారు. వాళ్ల అమ్మాయి కూడా ఒక క్షణం అనుమానంగా మా వైపు చూసి, రిఫరీ వైపు చూసి, విజిల్ పడలేదని తేల్చుకుని, తీరిగ్గా బంతి తీసుకెళ్లి రింగులో వేసి వచ్చింది. మా సారు గట్టు మీద నుంచి అరిచారు: "కదలండే! అక్కడ కాఫీ లేదు!" ఆ మాట గ్రౌండంతా వినిపించింది. జనం నవ్వారు. మేమూ విన్నాం, ఒప్పుకున్నాం కూడా. కానీ మళ్లీ బంతి పడగానే కాళ్లు మళ్లీ ఆగాయి. తల ఒప్పుకున్నంత మాత్రాన కాళ్లు వింటాయా? వాటిని పెంచింది అవ్వ కర్ర.

అప్పటికి వాళ్లకు కిటుకు తెలిసిపోయింది. బంతి లాక్కోవాలని చూడడం మానేసి, ఊరికే తట్టి కింద పడేసేవారు. మేం మర్యాదగా నిలబడేవాళ్లం. టైమవుట్‌లో సారు చేతులు జోడించారు.

"మీకు దండం పెడతాను, తొక్కండమ్మా. ఏమున్నా తొక్కండి."

ఆట ముగియబోతుండగా మేం ఒక్క బాస్కెట్ వెనకబడి ఉన్నాం. చివరి బంతి దొర్లుకుంటూ సరిగ్గా మా పొడుగమ్మాయి కాళ్ల ముందుకొచ్చింది. నేను అరిచాను: "తియ్యే! బేగి తియ్!" ఆమె ఒక పాదం ఎత్తింది. ఎత్తిన పాదం ఎక్కడ పెట్టాలా అని కింద చూసింది. అంతే. విజిల్ పడింది.

సారు ఏడ్చారు. ప్రైవేటు కోచ్ వచ్చి ఆయన భుజం తట్టి, క్రీడాస్ఫూర్తి గురించి చెప్పాడు. గెలిచినవాళ్లు క్రీడాస్ఫూర్తి గురించి చెప్పడం, ఓడినవాళ్లు తల ఊపడం, దీనికి కూడా ఎవరో నిబంధన రాసి ఉంటారు. మాకిచ్చిన అరటిపండ్లు తింటూ పొడుగమ్మాయి, నేనూ మెట్ల మీద కూర్చున్నాం.

"నానెల్లాలి కదే ఇంక," అంది.

ఏదైనా జోకు వేద్దామని చూశాను. ఆ పూట స్టాకు లేదు. "మంచం పొడుగుదిమ్మని ముందే సెప్పు," అన్నాను. నవ్వింది. నవ్వుతూనే తొక్కను నాలుగు ముక్కలు చేసింది.

కాఫీ అమ్ముడైన తర్వాత, జూన్‌లో వెళ్లింది. ఊరంతా దీన్ని ఒక్కొక్కరు ఒక్కో సినిమా చేసుకున్నారు. బంగారం ఎత్తుకుపోయారని సారు, అదృష్టం తలుపు తట్టిందని హెడ్‌మాస్టరు, మేం తోబుట్టువును పోగొట్టుకున్నామని వార్డెనమ్మ. ఒక పిల్ల బస్సెక్కి బడికి వెళ్లింది. బడి దూరం, అంతే. అవ్వ మాత్రం బస్సు మలుపు తిరిగే దాకా చూసి, బిస్కెట్ల డబ్బాలో రాగిపిండి పోసుకోవచ్చని పట్టుకుపోయింది.

ఆ వానాకాలమంతా సారు మాకు ఒక్క పాఠమే చెప్పారు. బంతి నేలకేసి కొడతారు, మేం దాని వెంట పడాలి. ఆగినవాళ్లకు ఆ పూట గుడ్డు లేదు. గుడ్డు ముందు అవ్వ కర్ర కొంత ఓడింది.

మరుసటి చలికాలం మ్యాచ్ కొండ కింద, వాళ్ల స్కూల్లోనే. ఈసారి ఘాట్ రోడ్డు మీద వాంతులు మా వంతు. వాళ్లకు పైకప్పున్న కోర్టు, చెక్క నేల, రెండు రింగులు. రెండు రింగులు ఒకేసారి చూస్తే దుబారా అనిపించింది. తెల్ల బూట్లతో పొడుగమ్మాయి అవతలి వైపు నిలబడింది. చెయ్యి ఊపింది. మా సారు చూడకుండా నేనూ ఊపాను.

ఆట సంగతి దాచడానికేముంది, ఘోరం. స్కోరు చూడడం మధ్యలోనే మానేశాను. చివర్లో ఎవరి చేతిలోంచో బంతి జారి ఆమెకూ నాకూ మధ్య పడింది. ఆమెకే దగ్గర. ఒక్క అడుగు వేస్తే చాలు.

ఆగిపోయింది. ఆరు నెలలు చెక్క నేల మీద ఆడీ, అంత మంచి బూట్లు వేసుకునీ, కొయ్యబారినట్టు ఆగిపోయింది. నేను ఆమె ముందు నుంచి పరుగెత్తి, బంతి తీసి, కళ్లు మూసుకుని వేశాను. పడింది. నా జీవితంలో మ్యాచ్‌లో పడ్డ బంతి అదొక్కటే. దాంతో మేం గెలవలేదు, గెలుపు దరిదాపులకూ పోలేదు. వాళ్ల కోచ్ మాత్రం ఆమెను పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు.

ఆట అయ్యాక మా బస్సు దగ్గరికి వచ్చింది.

"కాఫీ తొక్కీసినావు కదే," అంది.

"ఎవులది?"

"మా అవ్వది."

ఇద్దరం నవ్వాం. సారు బస్సులోంచి ఎక్కమని కేకేస్తున్నారు. ఆమె బూటు మొనతో నేల మీద గీత గీస్తూ అడిగింది.

"ఈ ఏడు అవ్వ కాఫీ ఎక్కడ పోసింది?"

"రింగు కింద."

గీత గీస్తున్న బూటు ఆగింది.

"మరి మీరెక్కడ ఆడతన్నారు?"

"ఆడతన్నామని నీకెవులు సెప్పినారు?" అన్నాను. "సూళ్లేదా ఇప్పుడు?"