భీమిలిలో నేను అడగని మాట

మా డ్రాయింగు మాస్టారు పోయారన్న సంగతి నాకు నర్సీపట్నం బస్టాండులో తెలిసింది. యలమంచిలి బస్సు కండక్టరు మా ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడే. టిక్కెట్లు కొట్టడం ఆపి కిటికీలోంచి వంగి, "మాస్టారూ, డ్రాయింగు మాస్టారు పొద్దున్నే పోయారంటండి. మీకు సెప్పలేదేటి?" అన్నాడు. అప్పటికే వాళ్లింటి నుంచి మనిషి మా ఇంటికి వచ్చి, తాళం చూసి వెనక్కి వెళ్లాడట. ముందుగా చెప్పవలసినవాళ్లలో నన్ను కూడా వేసుకున్నారు. అది తెలిసి నాకు ఇంకా బాధ వేసింది.

వారం తర్వాత హైస్కూల్లో సంతాపసభ పెట్టారు. మా పాత హెడ్మాస్టరుగారు అధ్యక్షులు. ఆయన ఉపన్యాసంలో "సర్దుకుపోయే మనిషి" అన్న మాట మూడుసార్లు వచ్చింది. లెక్కల మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. ఆ మనిషి ఎవరితో సర్దుకుపోవలసి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. నన్ను మాట్లాడమంటే గొంతు బాగోలేదన్నాను. ఇంటికొచ్చి, హెడ్మాస్టరుగారూ లెక్కల మాస్టారూ, ఆ ఇద్దరి సంగతీ తేల్చేద్దామని కాగితాలు ముందేసుకున్నాను. వాళ్ల గురించి రాయడానికి సగం పేజీ కూడా పట్టలేదు. మిగిలినదంతా నాదే.

డ్రాయింగు మాస్టారు ముప్ఫై ఏళ్లు పిల్లల చేత మామిడికాయ గీయించారు. బాగోలేదని ఎవరినీ అనలేదు. "కాయ బాగానే ఉంది, కొంచెం పక్కకి తిరిగింది" అనేవారు. బ్లేడుతో పెన్సిలు చెక్కి, ఆ పొట్టు కాగితంలో చుట్టి జేబులో వేసుకునేవారు, గది ఊడ్చే ముసలమ్మకి పని పెరగకూడదని. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీ ఆయనది. నేను చదివిన ప్రతి నవల కథా ఆయనకి చెప్పేవాణ్ణి. అంతా విని, "ఇంతకీ ఆ మనిషి అన్నం తిన్నాడా అండీ?" అనేవారు. నాకు నవ్వొచ్చేది. ఇన్ని బీరువాల పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు తట్టలేదు.

డెబ్బైల నడుమ ఒక వేసవిలో స్టాఫంతా కలిసి విశాఖపట్నంలో నాలుగు రోజులుండి రావాలనుకున్నాం. హెడ్మాస్టరుగారు పద్నాలుగు చోట్లతో జాబితా తెచ్చారు. ఎన్నింటికి ఎక్కడ ఉండాలో నిమిషాలతో సహా వేశారు.

డ్రాయింగు మాస్టారు అది చూసి, "ఇది పరీక్షల టైంటేబుల్లా ఉందండి. సూసీడానికి కాదు, కూకోడానికి ఎల్దాం" అన్నారు.

మర్నాడు డ్రాయింగు షీటు మీద తన ప్లాను వేసి తెచ్చారు. పొద్దున్న బీచి, ఎండెక్కాక భీమిలిలో సరుగుడు తోట, సాయంత్రం మళ్లీ నీళ్ల దగ్గర. ఏ వేళకి చెట్ల నీడ ఎటు పడుతుందో కూడా గీశారు. మూడుచోట్ల చిన్న విస్తరి బొమ్మ వేసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు.

"ఇవేటండీ?" అన్నాను.

"బోజనాలండి. టౌన్లో సాయిబుల హోటలుంది, అక్కడ బెంగలేదు. మిగతా సోట్ల మాంసం హలాలో కాదో మీరు అడిగి సెప్పండి. తినొచ్చని మీరంటే తినీస్తాను. కాదంటే పప్పూ పెరుగూ సాలు. నా కోసం ఎవరూ ఆగక్కర్లేదు."

భోజనాల పని నాది. అలాగేనన్నాను.

మూడోరోజు భీమిలిలో దిగి, మా బసకి ఒక వంటమనిషిని కుదుర్చుకున్నాం. పొద్దున్నే వెళ్లి అతన్ని అడగాలి. నేను కొత్త నవల పట్టుకుని సరుగుడు నీడలో కూర్చున్నాను. చల్లటి గాలి, ఎదురుగా నీళ్లు, లేవమనేవాళ్లు లేరు. అంత హాయిగా నేనెప్పుడూ చదువుకోలేదు. ఆ హాయిని నా కోసం నీడతో సహా గీసిపెట్టింది ఆయనే. ఆయన అడిగిన ఒక్క పని మాత్రం, విస్తళ్లు వేశాకే నాకు గుర్తొచ్చింది.

కోడికూర గిన్నె దగ్గరికి రాగానే డ్రాయింగు మాస్టారు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి నావైపు చూశారు.

"అడిగారా మాస్టారూ?"

లెక్కల మాస్టారు అందుకున్నారు: "ఈ ఒక్క మనిషి కోసం పదిమందిమీ నోరు కట్టుకుని కూకోవాలేటి? బేగి ఒడ్డించండి."

"కానివ్వండి, కానివ్వండి" అన్నారు హెడ్మాస్టరుగారు.

"అడిగాను. తినండి" అన్నాను.

వాళ్ల తొందర వల్ల అలా అనేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం కాదు. పప్పు ఉంది, పెరుగు ఉంది. మరిచిపోయానండీ అంటే, ఆయన నవ్వేసి పప్పు కలుపుకునేవారు. పదిమందిలో మరిచిపోయానని అనడానికి నాకు నామోషీ అడ్డొచ్చింది. అంతే. ఆయన చెయ్యి తీశారు. రెండోసారి కూడా వేయించుకున్నారు.

ఎక్కడ తిన్నా, వండినవాళ్ల దగ్గరికెళ్లి బాగుందని చెప్పడం ఆయన అలవాటు. ఆరోజూ వెళ్లారు. నేను చేతులు కడుక్కుంటూ విన్నాను. ఆయన ఏదో అడిగారు. వంటమనిషి హుషారుగా చెబుతున్నాడు: "మా బావమరిదేనండి, దొడ్లోనే మెడలు తిప్పీసాడు. హలాలా? మమ్మల్ని ఎవులూ ఏటీ అడగలేదండి బాబూ."

డ్రాయింగు మాస్టారు అక్కణ్ణుంచి వచ్చేశారు. నేరుగా నూతి దగ్గరికెళ్లి నోరు పుక్కిలించడం మొదలుపెట్టారు. చేద ఖాళీ అయ్యేదాకా పుక్కిలించారు. తిరిగొచ్చి నా పక్కనే కూర్చుని, "గాలి మారిందండి" అన్నారు.

ఆ రోజూ మర్నాడూ అరటిపళ్లే తిన్నారు. "ఏటి సాయిబుగారూ, నిన్నటి కోడి కడుపులో ఇంకా కూస్తందేటి?" అన్నారు లెక్కల మాస్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మేం మిషను చర్చి వాళ్లం. ప్రతి క్రిస్మస్‌కీ డ్రాయింగు మాస్టారు మా ఇంట్లోనే భోంచేసేవారు. పండగ కోడిని నేనే బజారులో సాయిబు దగ్గరికి తీసుకెళ్లి కోయించుకొచ్చేవాణ్ణి. మాస్టారు మధ్యాహ్నం వచ్చి, ఏమీ అడక్కుండా తినేవారు. ఆ ఏడు మేం చర్చికి బయల్దేరకముందే గేటు చప్పుడైంది. చూస్తే ఆయన, చేతిలో తువ్వాల్లో చుట్టిన కత్తి.

"సెల్లెమ్మా, కోడెక్కడ? నేనే కోసిచ్చీస్తాను. పండగపూట ఈయన్ని బజారుకి తిప్పడమెందుకూ?"

మా ఆవిడ మురిసిపోయింది. "సూసేరా, అన్నయ్యగారికి మనవంటే ఎంత ఇదో! తోడబుట్టినోళ్లు కూడా ఇలాగ రారు" అంది.

పోయేదాకా పన్నెండేళ్లు అలాగే వచ్చారు. నేను కోడి కాళ్లు పట్టుకునేవాణ్ణి. ఆయన బిస్మిల్లా అని పని కానిచ్చేవారు. ఊరెళితే ఇంటి తాళం నా దగ్గరే వదిలేవారు. కూతురి సంబంధానికి ఉత్తరాలు నా చేతే రాయించారు. మా స్నేహంలోంచి ఒక్కటే తీసేశారు, తిండి విషయంలో నా మాట. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. ఇవాళ చెప్పేస్తానని ప్రతి ఏడూ అనుకునేవాణ్ణి. "కాళ్లు గట్టిగా పట్టుకోండి మాస్టారూ" అనేవారు. పట్టుకునేవాణ్ణి.

ఈ కాగితాలు ఇంతవరకూ వచ్చాక, మొన్న ఆయన కొడుకు మా ఇంటికి వచ్చాడు.

"అమ్మ సముద్రం సూడాలంటంది మాస్టారూ. నాన్న పోయాక అమ్మ గడప దాటకూడని గడువు నెలలు తీరాక బీమిలి తీసుకెల్దామని. నాన్న ఆ టూరు గురించి ఎప్పుడూ సెప్పీవారు, ఆ గాలీ, ఆ సరుగుడు సెట్లూ. బోజనాలు మీరే సూసుకున్నారంట గదా. మాక్కూడా ఎక్కడ తినొచ్చో మీరే సెప్పాలి."

అంటే, ఇంట్లో కూడా చెప్పలేదు.

నేను చెప్పాను. చెట్టు నీడ, నవల, విస్తరి మీద ఆయన చెయ్యి, నేనన్న అబద్ధం. అతను నేలకేసి చూస్తూ విన్నాడు.

"అందుకేనా," అన్నాడు చివరికి, "క్రిస్మస్‌కి నాన్న అంత పెందరాళే ఎలిపోయీవారు? మీ మీద ప్రేమనుకునీవోళ్లం."

లేచి చెప్పులేసుకున్నాడు. మెట్లు దిగి, వెనక్కి తిరక్కుండానే, "ఈసారి అడిగి సెప్పండి" అన్నాడు.

నిన్న మొదటి బస్సుకి బయల్దేరి భీమిలి వెళ్లాను. బీచికెదురుగా ఇప్పుడొక మెస్సుంది. కోళ్లు ఎవరు కోస్తారని అడిగాను. సాయిబొకాయన పదకొండింటికి వచ్చి కోస్తాడన్నాడు యజమాని. వచ్చేదాకా ఉండి చూస్తానన్నాను.

"మీరు సాయిబులా తాతగారూ?"

"కాదు."

"మరి మీకెందుకండీ ఇదంతా?"

"అడగమన్నారు."

అతను నన్ను ఎగాదిగా చూసి, ఒక బెంచీ చూపించాడు. "ఇంకా శానా టైముంది. అటు తిరిగి కూకోండి, సముద్రం అగుపిస్తాది, గాలొస్తాది" అన్నాడు.

నేను దొడ్డి గుమ్మంవైపు తిరిగి కూర్చున్నాను. వీపు వెనక అలల చప్పుడు. గుమ్మానికి వేసిన గోనెపట్టా గాలికి లేస్తోంది, పడుతోంది. లేచినప్పుడల్లా లోపలికి చూస్తున్నాను.